'మా' అన్న మాటలో ఎవరెవరున్నారు?

"మా ఊరు కనకమామిడి" అన్నాననుకోండి. ఇందులో ఊరి పేరు ఎవరికైనా తెలుస్తుంది. హైదరాబాదు నుంచి బీజాపూరు పోయే రోడ్డు మీద మొయినాబాదు దాటాక, చేవెళ్ల రాకముందు తగులుతుంది. చిక్కంతా మొదటి మాటతోనే. మాట్లాడుతున్నది నేనొక్కణ్ణే, అయినా "నా ఊరు" అనలేదు. అలా అంటే వ్యాకరణం ఒప్పుకోకపోదు గాని, వినేవాడు ఒకసారి తలెత్తి చూస్తాడు, వీడు ఊరంతా కొన్నాడా ఏమిటని. ఒక్కగానొక్క కొడుకు కూడా "మా అమ్మ" అనే అంటాడు. తెలుగులో మనిషి తన సొంత సంగతి చెప్పుకోబోయి తన వాళ్లందరినీ వెంటేసుకుని వస్తాడు.

ఒంటి అక్షరం మాట మీద ఇంత చర్చ ఎందుకని కొందరు అనవచ్చు. మన విమర్శకులు పెద్ద పెద్ద మాటలను చాలానే శోధించారు. వస్తువు, శిల్పం, నిబద్ధత, దృక్పథం వంటి వాటి మీద రాసిన వ్యాసాలకు లెక్కలేదు. సర్వనామాలను మాత్రం వ్యాకరణ పండితులకు అప్పగించి ఊరుకున్నారు. ఒక రచన ఎవరి పక్షాన నిలబడిందో తేల్చడానికి దాని నినాదాలకంటె దాని సర్వనామాలే ఎక్కువ పనికివస్తాయని నా అభిప్రాయం.

ముందుగా ఒక భ్రమను తొలగించుకోవాలి. 'మా' అనే ధ్వని మన సొత్తు కాదు. తమిళంలో 'మా' అంటే మామిడి. మన మావి, మామిడి, కన్నడంవారి మావు దాని చుట్టాలే. ఆ లెక్కన మా ఊరి పేరులోనూ ఒక 'మా' ఉంది, దానికీ నేను పైన అన్న 'మా'కూ ఏ సంబంధమూ లేదు. ఉర్దూ మాట్లాడే ఇంట్లో, కాస్త ముక్కుతో పలికితే, 'మా' అంటే తల్లి, బెంగాలీలోనూ అంతే. సంస్కృతంలో 'మా' అంటే లక్ష్మి, కొలవడమనే అర్థంగల ధాతువు, 'వద్దు' అనే నిషేధం కూడా. వాల్మీకి నోట వెలువడిన తొలి శ్లోకంగా చెప్పుకునేది, బోయవాణ్ణి ఉద్దేశించినది, ఈ నిషేధంతోనే మొదలవుతుంది. అరబ్బీలో 'మా' ఒకచోట 'ఏమిటి?', మరొకచోట 'కాదు', చివర కాస్త నొక్కితే నీళ్లు. జార్జియా దేశస్థుల భాషలో 'మామ' అంటే తండ్రి!

ఇంత సామగ్రి దొరికితే కొందరికి ఆశ పుడుతుంది. ప్రపంచ భాషలన్నీ ఒక్క తల్లి బిడ్డలేననీ, ఆ తల్లి మన భాషేననీ నిరూపించబూనుతారు. ఇటువంటి గ్రంథాలు తెలుగులో అప్పుడప్పుడూ వెలువడుతూనే ఉన్నాయి, వాటికి సన్మానాలూ జరుగుతున్నాయి. ఇందులోని కిటుకును రోమన్ యాకబ్సన్ 1960లో అచ్చయిన ఒక వ్యాసంలో విప్పి చెప్పాడు. పాలు తాగే పసివాడు నోరు తెరవకుండా ముక్కుతో చేయగల చప్పుడు 'మ'కారమే. ఆకలైనప్పుడు అదే చప్పుడు చేస్తాడు. దానికి అర్థం కట్టేది పసివాడు కాదు, చుట్టూ ఉన్న పెద్దలు. ఎక్కువ భాషలవారు దాన్ని తల్లికి కట్టారు, జార్జియావారు తండ్రికి కట్టారు. ధ్వని ప్రకృతిది, అర్థం సమాజానిది. కాబట్టి మాటల పోలికను చూసి చుట్టరికం కలుపుకోవడం కంటె, ఒక్కొక్క సమాజం ఆ ధ్వనికి ఏ పని అప్పగించిందో చూడడం మేలు.

పారశీకంలో 'మా' అంటే 'మేము', 'మనము' కూడా. ఇది వింటే మొదట సంతోషం కలుగుతుంది. ఇంతదూరం పోయి చూస్తే మన అర్థమే దొరికింది కదా అని. కాని ఆ మాటే పాదుషాల నోట 'మా బదౌలత్' అయింది. సింహాసనం మీద కూర్చున్న ఒకే ఒక్క మనిషి తనను తాను చెప్పుకునే బహువచనం అది. అందులో రెండోవాడికి చోటులేదు. నేను "మా ఊరు" అంటే నా పక్కన ఊరు నిలబడుతుంది. ఆయన 'మా' అంటే ఆయన కింద ఊళ్లన్నీ పడుకుంటాయి. నిజాం రాజ్యంలో హైదరాబాదు చుట్టుపట్ల ఉన్న అత్రాఫె బల్దా జిల్లా సర్ఫె ఖాస్ కింద ఉండేది. అంటే దాని ఆదాయం నిజాం సొంత ఖర్చులకు పోయేది. 1949లో దాన్ని ప్రభుత్వంలో కలిపారు. దున్నేవాడు ఆ నేలను తెలుగులో "మాది" అనుకుంటుండగానే దస్తావేజుల భాషలో అది ఒక్కడిది.

తెలుగు 'మా'లో పారశీకానికి లేని గుణం ఒకటుంది. అది వినేవాణ్ణి బయట నిలబెడుతుంది. వినేవాణ్ణి కలుపుకోవాలంటే 'మన' అనాలి. ఈ భేదం ఉర్దూ 'హమారా'లో లేదు, ఇంగ్లీషులో లేదు. తమిళంలో ఉంది, మరాఠీలో ఉంది. నేటి కన్నడంలో 'నమ్మ' ఒక్కటే రెండు పనులూ చేస్తుంది. ఈ తేడా మూల ద్రావిడం నాటిదని భద్రిరాజు కృష్ణమూర్తిగారు చూపించారు. వేల ఏళ్ల నుంచి మనవాళ్లు నోరు తెరిచినప్పుడల్లా, ఎదుటివాడు లోపలివాడా బయటివాడా అని తేల్చుకోక తప్పలేదన్నమాట.

దీని బలం తెలియాలంటే సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుగార్ల నాటకం పేరు చూడండి. 1947లో వచ్చిన 'మాభూమి'. ప్రజానాట్యమండలి దళాలు ఊరూరా ఆడాయి, మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ఆ నాటకం మీద రాసినవారు కథను మెచ్చుకున్నారు, పాటలను మెచ్చుకున్నారు. పేరులోని మొదటి అక్షరం దగ్గర ఆగినవారు తక్కువ. దీనికి 'మనభూమి' అని పేరు పెట్టి ఉంటే ఏమయ్యేది? వినసొంపుగానే ఉండేది, దేశభక్తి కూడా ధ్వనించేది. కాని ఆ 'మన'లో దొర కూడా వచ్చి కూర్చునేవాడు. 'మా' అనడంతో దొర గడప అవతలికి పోయాడు. ఆ పేరు దొర ముఖం చూసి పలికిన వాక్యం. ఇంకొక విశేషం: ఈ నాటకాన్ని ఎక్కువగా చూసింది కోస్తా జిల్లాల ప్రేక్షకులు. కథ తెలంగాణ రైతుది. మరి ఆ ప్రేక్షకుడు 'మా' లోపలివాడా, వెలుపలివాడా? నాటకం అతనికి ఆ స్థానాన్ని ఉచితంగా ఇవ్వలేదు. రైతు వైపు చేరితేనే లోపలికి వస్తాడు. అభ్యుదయ సాహిత్యం ప్రేక్షకుణ్ణి పక్షం తేల్చుకోమంటుందని మనం పదేపదే రాస్తుంటాం. ఇక్కడ ఆ పని ఒక్క సర్వనామం చేసింది.

తర్వాత 1979లో గౌతమ్ ఘోష్ అదే పేరుతో సినిమా తీశాడు. దానికి ఆధారం కిషన్ చందర్ ఉర్దూ నవల 'జబ్ ఖేత్ జాగే'. నవల పేరులో సర్వనామమే లేదు, పొలాలే మేలుకొంటాయి. దర్శకుడు బెంగాలీ. ఆయన భాషలో 'మా' అంటే అమ్మ. బెంగాలీ చెవికి ఆ పేరులో మొదట తల్లే వినిపిస్తే ఆశ్చర్యంలేదు. కాని తెలుగు పేరు చెప్పేది భూమాత సంగతి కాదు. భూమాత అనగానే దండం పెట్టాలి, అందరూ పెట్టాలి, దొర అందరికంటె ముందు పెడతాడు, ఎందుకంటే దానివల్ల అతనికి పైసా నష్టంలేదు. "మా భూమి" అంటే పట్టా ఎవరి పేర ఉందనే ప్రశ్న వస్తుంది. భూమిని తల్లిగా కొలిచే కవిత్వం తెలుగులో కొండంత ఉంది. అందులో చాలాభాగం ఈ ప్రశ్నను తప్పించుకోవడానికి పనికివచ్చిందే.

అయితే 'మా' ఎప్పుడూ పేదవాడి పక్షానే ఉంటుందనుకోకూడదు. దొర "మా జీతగాడు" అన్నాడు, జీతగాడు "మా దొర" అన్నాడు. వ్యాకరణం రెంటికీ ఒకే సంబంధం చెబుతుంది. మొదటిది సొత్తు, గొడ్డూ గోదా లెక్క. రెండోది తాను ఎవరి సొత్తో చెప్పుకోవడం. వెట్టి వ్యవస్థ అంతా ఈ రెండు 'మా'ల నడుమ నడిచింది. ఆడవారి సంగతి ఇంకా విచిత్రం. ఆమె "మా అమ్మగారిల్లు" అంటుంది, "మా అత్తగారిల్లు" అంటుంది. రెండుచోట్లా 'మా' ఉంది, ఇల్లు మాత్రం రెండుచోట్లా ఇంకొకరిది.

ఇక 'మన'. ఇది మంచి మాట, కలుపుగోలు మాట. అందుకే దీన్ని అధికారంలో ఉన్నవారు ముందుగా పట్టుకుంటారు. తెలంగాణ ప్రభుత్వం 2014లో 'మన ఊరు-మన ప్రణాళిక' అన్నది, 2022లో 'మన ఊరు-మన బడి' అన్నది. బడికి గోడ కట్టడాన్ని నేను తప్పుపట్టను. హైదరాబాదులో కూర్చున్నవారు 'మన ఊరు' అంటే అది ఏ ఊరని మాత్రం అడగాలి. ఈ చిక్కు అన్నిచోట్లా ఇంత తేలిక కాదు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల రక్షణ కోసం 1996లో వచ్చిన 111 జీవో మొయినాబాదు, చేవెళ్ల మండలాల ఊళ్లతో సహా 84 గ్రామాల్లో కట్టడాలకు హద్దులు పెట్టింది. నగరం "మన చెరువులు" అన్నది. ఊళ్లు "మా భూములు" అన్నాయి. 2022లో ఆంక్షలు తొలగిస్తూ ఉత్తర్వు కూడా వచ్చింది. ఇందులో నగరంవాడి 'మన' అబద్ధం కాదు, నీళ్లు అందరూ తాగినవే. రైతు 'మా' కూడా అబద్ధం కాదు, కాని ఆ 'మా'లో రైతు దగ్గర ఎకరాలకెకరాలు కొనిపెట్టుకున్న పట్నంవాడు ఎప్పుడు దూరాడో రైతుకే తెలియదు. మా ప్రాంతం మీద ఎవరైనా నవల రాయదలిస్తే వస్తువు ఇక్కడ సిద్ధంగా ఉంది.

ఇదంతా మన సంఘం చరిత్రకూ వర్తిస్తుంది. 1943లో తెనాలిలో తాపీ ధర్మారావుగారి అధ్యక్షతన సంఘం ఏర్పడ్డప్పటినుంచీ మన కవిత్వంలో ఎక్కువగా వినిపించినది 'మనం'. ఫాసిజం మీద పోరాడే రోజుల్లో అది అవసరమే. తర్వాత 1993లో 'నీలిమేఘాలు', 1995లో 'చిక్కనవుతున్న పాట', 1998లో 'జల్‌జలా' వచ్చాయి. స్త్రీలు, దళితులు, ముస్లింలు 'మేము' అన్నారు. అప్పుడు మనలో కొందరు, ఇది ఐక్యతను చీల్చడమని నొచ్చుకున్నారు. ఆ నొప్పిలో నిజాయితీ లేదనను. కాని తర్కం లేదు. 'మాభూమి'లో రైతు దొరను బయట నిలబెట్టినప్పుడు చప్పట్లు కొట్టినవాళ్లం, దళిత కవి తన 'మా'లో మనల్ని చేర్చనప్పుడు అదే వ్యాకరణాన్ని తప్పనడం ఎలా కుదురుతుంది? అతను మనల్ని శత్రువన్నాడని కాదు, ఎదురుగా ఉన్నవాడన్నాడు. ఎదురుగా ఉన్నవాడితోనే సంభాషణ సాధ్యం. 'మన' అని ముందే కలిపేసుకుంటే ఇక చెప్పేదెవరికి?

శంకరంబాడి సుందరాచారిగారి గీతంలోనూ మొదటి మాట 'మా'యే. రచయిత తెలుగువాడు, బడిలో పాడే పిల్లలు తెలుగువారు, వినే పంతుళ్లూ తెలుగువారే. ఇన్నేళ్లూ ఆ 'మా' ఎవరికి వినిపించడానికి పాడినట్టు? ఆ గీతం రాష్ట్రం బయటివారి ముందు నిలబడి తెలుగువారు చెప్పుకున్న పరిచయమని నేననుకుంటాను, మద్రాసు ఉమ్మడి రాష్ట్రంలో అటువంటి పరిచయం అవసరమైంది కూడా. హైదరాబాదులో ఆ బయటివాడు లేడు. తెలంగాణలో దానిమీద వచ్చిన విముఖతను రాజకీయంగానే చూసిన విమర్శకులు, శ్రోత మారితే సర్వనామం మారుతుందన్న ఈ చిన్న సంగతిని పట్టించుకోలేదు.

అనువాదకులకు ఒక మాట. 'మాభూమి'ని హిందీలోకి, ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు 'హమారీ' అనో దానికి సరిపడ్డ మాటో వేసి ముందుకు పోవడం మామూలు. అప్పుడు దొర మళ్లీ లోపలికి వచ్చేస్తాడు. అనువాదంలో ఇంకొక మాట చేర్చో, వాక్యం తిప్పో, అతన్ని బయటనే ఉంచాలి. పేరులో కుదరకపోతే కనీసం రంగస్థలం మీద, ఆ మాట అనే పాత్ర ఎవరివైపు తిరిగి అంటున్నదో సూచించాలి.