ఇంటి చప్పుడా, ఆకాశమా?

ఆస్ట్రేలియాలోని పార్క్స్ దగ్గర 64 మీటర్ల వ్యాసంతో పెద్ద రేడియో టెలిస్కోప్ ఒకటుంది. దాని రికార్డుల్లో ఏళ్ల తరబడి అంతుపట్టని సంకేతాలు కొన్ని పడుతూ వచ్చాయి. క్షణంలో వచ్చి క్షణంలో పోయేవి. అంతరిక్షంలో బహుదూరం ప్రయాణించి వచ్చే తరంగాల్లాగే ఎక్కువ పౌనఃపున్యంలో ముందూ, తక్కువ పౌనఃపున్యంలో కాస్త ఆలస్యంగానూ కనబడేవి. తిరకాసల్లా ఒక్కటే. అవి ఆఫీసు వేళల్లోనే, అదీ ఎక్కువగా పనిదినాల్లోనే వచ్చేవి. ఆకాశానికి ఆదివారం సెలవుండదు కదా! చివరికి 2015లో గుట్టు బయటపడింది. భోజనం వేడి చేసుకునేవాళ్లు టైమర్ మోగేదాకా ఆగలేక మైక్రోవేవ్ ఓవెన్ తలుపు లాగేస్తే, అది తెరుచుకునే క్షణంలో బయటపడ్డ తరంగాలవి.

ఈ సంగతి ఎవరికి చెప్పినా నవ్వుతారు. నాకు మాత్రం ఆ ఓవెన్ని పట్టుకున్నవాళ్ల మీద గౌరవం పెరిగింది. ఎందుకంటే అదే టెలిస్కోప్ 2001లో నమోదు చేసిన ఒక రేడియో మెరుపును 2007లో గుర్తించారు. అది వేరే గెలాక్సీ నుంచి వచ్చిందని కొందరంటే, భూమ్మీది గోలేనేమోనని మరికొందరు గింజుకున్నారు. ఓవెన్ సంగతి తేలాక అసలుకీ నకిలీకీ తేడా మరింత గట్టిగా చెప్పగలిగారు. ఆ తరవాత 2020 ఏప్రిల్‌లో మన గెలాక్సీలోనే ఉన్న ఒక మాగ్నెటార్, అంటే విపరీతమైన అయస్కాంత శక్తి ఉన్న న్యూట్రాన్ నక్షత్రం, అలాంటి మెరుపునే విసిరింది. వంటగదిని వెతకనివాడికి ఆ మాగ్నెటార్ మీద నమ్మకం ఎలా కుదురుతుంది?

బ్లాక్ హోల్స్‌నీ న్యూట్రాన్ నక్షత్రాలనీ గమనించేవాళ్ల పని గురించి చదివేకొద్దీ నాకు బోధపడిందిదే. అందులో సగం శ్రమ ఆకాశాన్ని చూడటానికైతే, మిగతా సగం మనింటి చప్పుడేదో తెలుసుకోవడానికి.

మా అన్నయ్య కూతురు ఎక్స్‌రే ఖగోళశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. సంక్రాంతికి ఇంటికొచ్చినా లాప్‌టాప్ వదలదు. ఓ మధ్యాహ్నం పక్కన కూర్చుని ఏం చేస్తోందో చూశాను. తెర మీద అడ్డంగా కాలం, నిలువుగా సెకనుకు ఎన్ని ఎక్స్‌రే కణాలు తగిలాయన్న లెక్క. గీత కొంత దూరం సాగి తెగిపోతోంది, మళ్లీ మొదలవుతోంది. అవి మన ఆస్ట్రోశాట్ పంపిన రీడింగులు. 2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి వెళ్లి 650 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతున్న ఉపగ్రహం అది.

"మధ్యలో ఈ ఖాళీలేంటమ్మా?" అన్నాను.

"ఇక్కడ భూమి అడ్డొచ్చింది బాబాయ్. ఇక్కడేమో దక్షిణ అట్లాంటిక్ మీదుగా పోతోంది. అక్కడ ఆవేశిత కణాల తాకిడి ఎక్కువ, ఆ కాసేపు చూసింది లెక్కలోకి రాదు."

ఖాళీల నడుమ ఉన్న గీత మాత్రం చూడముచ్చటగా ఉంది. మెల్లగా పైకి లేచి, చటుక్కున శిఖరం తాకి, ఒక్కసారిగా కిందికి జారి, నిమిషం తిరిగేసరికి మళ్లీ అదే వరస. జీఆర్ఎస్ 1915+105 అనే బ్లాక్ హోల్ చుట్టూ జరుగుతున్న తతంగమది. శ్రవణా నక్షత్రమున్న తారామండలంలోనే, మనకి సుమారు 28,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. బరువు దాదాపు 12 సూర్యుళ్లంత. జోడుగా ఉన్న నక్షత్రం నుంచి వాయువును లాక్కుంటుంది. ఆ వాయువు తిన్నగా లోపల పడదు. బ్లాక్ హోల్ చుట్టూ పళ్లెంలా తిరుగుతూ, రాపిడికి లక్షల డిగ్రీలు దాటి వేడెక్కి ఎక్స్‌రేలు చిమ్ముతుంది. పళ్లెం లోపలి అంచు నిండటం, ఖాళీ కావడం, మళ్లీ నిండటం. ఆ నిండటాలూ ఖాళీ కావడాలే తెర మీద ఎగుడుదిగుళ్లు. శాస్త్రవేత్తలు దీన్ని గుండె చప్పుడు దశ అంటారు. బ్లాక్ హోల్ కనబడదు, దాని అంచున జరిగే ఈ హడావుడే కనబడుతుంది.

"మరి ఇది డిటెక్టర్ చేస్తున్న అల్లరి కాదని నీకెలా తెలుసు?" అన్నాను. నేను ముప్పై ఏళ్లకు పైగా డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పినవాణ్ణి. అలవాటు పోదు.

"మేం ముందడిగేది అదే బాబాయ్. గీత లేచిందంటే అదేంటని అడగం, ఎవరిదని అడుగుతాం. మనదా, దానిదా?"

ఆ ప్రశ్నకి జవాబు రాబట్టే పద్ధతులు ఒక్కొక్కటే చెప్పింది. ఏ నక్షత్రమూ లేని ఖాళీ ఆకాశం వైపు డిటెక్టర్‌ని తిప్పి అప్పుడెంత లెక్క వస్తుందో ముందే చూసుకుంటారు. అసలు లెక్కలోంచి దాన్ని తీసేస్తారు. ఎగుడుదిగుళ్లకీ ఉపగ్రహం భూమిని చుట్టే సమయానికీ పొంతన ఉందేమో చూస్తారు. అదే ఉపగ్రహంలో ఉన్న మరో పరికరానికీ అదే కనబడిందా అని పోలుస్తారు. ఇవన్నీ దాటాకే ఆకాశం గురించి మాట.

అప్పుడు కూడా అక్కడున్నది బ్లాక్ హోలా, న్యూట్రాన్ నక్షత్రమా అని తేల్చడం మరో మెట్టు. న్యూట్రాన్ నక్షత్రం వ్యాసం 20 కిలోమీటర్ల పైచిలుకే అయినా దానికో నేల ఉంది. మీద పడ్డ వాయువు పేరుకుని, ఉన్నట్టుండి అణువిస్ఫోటనంలా అంటుకుంటుంది. గీత సెకనులో ఆకాశానికి లేచి, పది ఇరవై సెకన్లలో చల్లారుతుంది. అలాంటి పేలుడు కనబడితే అక్కడ నేల ఉన్నట్టే. బ్లాక్ హోల్‌కి నేలే లేదు కాబట్టి ఆ పేలుడూ ఉండదు. అయితే కనబడనంత మాత్రాన బ్లాక్ హోల్ అనెయ్యడానికి లేదు. అది ఒక సాక్ష్యమే, తీర్పు కాదు. జోడు నక్షత్రం ఎంత వేగంగా తిరుగుతోందో కొలిచి, బరువు తేల్చాకే తీర్పు.

ఆ రోజు నుంచీ నాకు జోసెలిన్ బెల్ చార్టు కాగితాలే గుర్తుకొస్తున్నాయి. 1967లో ఆవిడ కేంబ్రిడ్జిలో పరిశోధక విద్యార్థిని. నాలుగున్నర ఎకరాల్లో గుంజలు పాతి, తీగలు లాగి కట్టిన రేడియో టెలిస్కోప్‌లో తనూ చెయ్యి వేసింది. అది రోజుకు 30 మీటర్ల కాగితం మీద గీతలు గీసేది. ఆకాశాన్నంతా ఒకసారి చూడటానికి నాలుగు రోజులు, 120 మీటర్ల కాగితం. అదంతా కంటితో చదవాల్సింది ఆమే. ఆగస్టులో ఒక చోట అంగుళం లోపు జాగాలో చిందరవందరగా ఒక గుర్తు పడింది. ఆకాశంలోని రేడియో మూలాలు పెట్టే గుర్తులా లేదు, మనుషుల రేడియో గోలలానూ లేదు. ఎక్కడ వెయ్యాలో తెలియని గుర్తు. ఎవరైనా పేజీ తిప్పేసేవారే. ఆమె దాన్ని గుర్తు పెట్టుకుంది. అంతకుముందు ఆకాశంలోని అదే చోటు నుంచి ఇలాంటిదే వచ్చినట్టుందే అని పాత కాగితాలు తిరగేసింది.

అక్కడో చక్కటి కిటుకు దొరికింది. మన గడియారానికి రోజంటే 24 గంటలు. నక్షత్రం మాత్రం 23 గంటల 56 నిమిషాలకే మళ్లీ అదే చోటికొస్తుంది. మనుషుల గోల మన గడియారం ప్రకారం నడుస్తుంది. ఈ గుర్తు రోజూ నాలుగు నిమిషాలు ముందుగా వస్తోంది. అయినా ఆమె గురువు ఆంటొనీ హ్యూయిష్ అంతటితో ఒప్పుకోలేదు. నక్షత్ర కాలాన్ని పాటించేవాళ్లు భూమ్మీదా ఉన్నారు, వాళ్లు ఖగోళశాస్త్రవేత్తలే. మీరేమైనా ప్రయోగాలు చేస్తున్నారా అని ఇతర అబ్జర్వేటరీలకు రాసి కనుక్కున్నారు. చంద్రుడి మీద పడి తిరిగొచ్చే రాడారేమోనని చూశారు. టెలిస్కోప్‌కి దక్షిణాన ఉన్న పెద్ద రేకుల షెడ్డును కూడా అనుమానించారు. నవంబర్ 28న కాగితం వేగం పెంచి చూస్తే ఆ గుర్తు విడిపోయి సెకనూ మూడో వంతుకొకటి చొప్పున తడవ తప్పకుండా వస్తున్న స్పందనలు కనిపించాయి. మరో టెలిస్కోప్‌తోనూ చూశారు. అక్కడా వచ్చింది.

క్రిస్మస్‌కి ముందు, డిసెంబర్ 21 రాత్రి, ఆకాశంలో మరో మూల అలాంటిదే ఉందేమోనని బెల్ ఒక్కతే టెలిస్కోప్ దగ్గరికెళ్లింది. చలికి పరికరం సరిగ్గా పనిచెయ్యలేదు. స్విచ్చులు కదిపి, నోటితో ఆవిరి ఊది, తిట్టి, మొత్తానికి ఓ ఐదు నిమిషాలు దారికి తెచ్చింది. ఆ ఐదు నిమిషాల్లోనే రెండోది దొరికింది. ఆవిడకి రాని నోబెల్ గురించి చాలామంది రాశారు. నన్ను ఇప్పటికీ కట్టిపడేసేది ఆ ఐదు నిమిషాలే. అంతదాకా గ్రహాంతరవాసులేమోనన్న మాట సగం వేళాకోళంగా, సగం దిగులుగా నలుగుతూ ఉంది. రెండు వేర్వేరు మూలల నుంచి రెండు తెగలు ఒకేసారి మనకి కబురు పెట్టవు కాబట్టి ఇది ప్రకృతి పనేనన్న నమ్మకం కుదిరింది. 1968 ఫిబ్రవరిలో 'నేచర్'లో అచ్చయింది. పల్సార్లు, అంటే గిరగిరా తిరిగే న్యూట్రాన్ నక్షత్రాలు, మనకి తెలిసింది అలా.

అంతా ఇంత సాఫీగా ముగియదు. 1991లో బ్రిటన్‌లోని జోడ్రెల్ బ్యాంక్ అబ్జర్వేటరీకి చెందిన ఆండ్రూ లైన్ బృందం ఒక పల్సార్ చుట్టూ గ్రహం తిరుగుతోందని ప్రకటించింది. ఆ గ్రహం ఏడాది సరిగ్గా ఆరు నెలలు. మన ఏడాదిలో సగం! లెక్క మళ్లీ చూసుకుంటే తేలిందేమిటి? పల్సార్ స్థానం కాస్త తేడాగా తీసుకున్నారు. దానికి తోడు భూమి కక్ష్యను గుండ్రంగా ఉన్నట్టు లెక్క కట్టారు. భూమి కదలికే గ్రహం వేషం వేసుకుని వాళ్ల కాగితం మీదికొచ్చింది. 1992 జనవరిలో అమెరికాలోని అట్లాంటాలో జరిగిన ఖగోళ సభలో లైన్ లేచి ఆ సంగతి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. సభంతా నిలబడి చప్పట్లు కొట్టింది. అదే సభలో అలెగ్జాండర్ వోల్ష్చాన్ మరో పల్సార్ చుట్టూ తాము కనుక్కున్న గ్రహాల గురించి చెప్పాడు. అవి నిలబడ్డాయి.

యంత్రాలు వచ్చాక ఈ బాధ తీరిందనుకుంటే పొరపాటు. 2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్నప్పటి గురుత్వ తరంగాలు వచ్చినప్పుడు అమెరికాలోని లివింగ్‌స్టన్ లైగో డిటెక్టర్లో సరిగ్గా ఢీకొనడానికి సెకను ముందు ఒక పెద్ద గరగర పడింది. దాన్ని చూసి కంప్యూటర్ అక్కడి సంకేతాన్ని పక్కన పెట్టింది. హాన్‌ఫర్డ్ డిటెక్టర్ మాత్రం పసిగట్టింది. మనుషులు కూర్చుని లివింగ్‌స్టన్ పటాన్ని కళ్లతో చూస్తే, గరగర కింద నుంచి వంపు తిరిగి పైకి లేస్తున్న గీత స్పష్టంగా ఉంది. 13 కోట్ల కాంతి సంవత్సరాల అవతల జరిగిన సంగతిని ఒక్క క్షణం గోల కోసం పారేసేవాళ్లమే. పార్క్స్‌లో ఇంటి చప్పుడును ఆకాశం అనుకోబోతే, ఇక్కడ ఆకాశాన్ని ఇంటి చప్పుడు అనుకోబోయాం.

రెండు ప్రమాదాలకీ ఈ వృత్తిలో ఒకటే మందు. పారెయ్యకూడదు, చాటకూడదు. రాసి పెట్టుకుని, మళ్లీ వస్తుందేమో చూడాలి. మన పుణె దగ్గరి జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోప్‌తో పల్సార్ స్పందనల వేళలను ఏళ్ల తరబడి కొలుస్తున్న భారతీయ బృందం చేస్తున్నదీ అదే. అందులో ఐఐటీ హైదరాబాద్ వాళ్లూ ఉన్నారు. ఆ స్పందనలు సెకనులో అతి స్వల్ప భాగం ముందూ వెనకా అయితే, అది గురుత్వ తరంగమా, మన గడియారం తేడానా, దారిలో ఉన్న ఎలక్ట్రాన్ల పనా అని ఒక్కొక్కదాన్నీ వడకట్టి, యూరప్ బృందంతో కలిసి 2023 జూన్‌లో ఫలితాలు బయటపెట్టారు. అప్పుడు కూడా వాళ్లు వాడిన మాట 'ఆధారాలు కనిపిస్తున్నాయి' అనే. 'కనుక్కున్నాం' అని చాటలేదు.

మన కాలేజీల్లో జరిగేది దీనికి పూర్తిగా తలకిందులు. లోలకం ప్రయోగంలో గ్రాఫు మీద తొమ్మిది చుక్కలు వరసగా పడి పదోది పక్కకి పోతే, కుర్రాడు రబ్బరు తీస్తాడు. రికార్డు బుక్కులో గీత తిన్నగా ఉంటే సంతకం పడుతుంది. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ చూసేదీ ఆ తిన్నదనాన్నే. పదో చుక్క ఎందుకు పక్కకి పోయిందో, ఫ్యాను గాలికా, దారం సాగిందా, స్టాప్‌వాచీ నొక్కడంలో ఆలస్యమా అని అడిగే తీరిక ఎవరికీ ఉండదు. అడిగితే మార్కులు రావు, చెరిపేస్తే వస్తాయి. ఆ పిల్లల్లో ఎవరైనా రేపు ఏ టెలిస్కోప్ ముందో కూర్చుంటే చేతికి అలవాటైంది రబ్బరే.

అందుకే ఫిజిక్స్ చెప్పే మిత్రులకి ఒక మాట. ప్రతి రికార్డు బుక్కు చివర ఒక పేజీ వదలండి. కుదరని రీడింగులు అని పేరు పెట్టండి. తేదీ, సమయం, పక్కన ఏం జరుగుతోందో రాయించండి. దానికి కారణం కనుక్కున్నవాడికి రెండు మార్కులు, కనుక్కోలేకపోయినా ఉన్నదున్నట్టు రాసినవాడికి ఒకటి. సిలబస్ మారనక్కర్లేదు, కొత్త పరికరం కొనక్కర్లేదు. రబ్బరు ఒక్కటి పక్కన పెట్టిస్తే చాలు.