పాటది పేరు, తొక్కది పని

పాట పేరు పెట్టుకున్న కాక్‌టెయిళ్లలో చాలావాటికి ఆ పాటతో ఉన్న చుట్టరికం రంగు ఒక్కటే. ప్రిన్స్ ‘పర్పుల్ రెయిన్’ పేరు చెప్పి వోడ్కాలో నీలం కురాసావ్, ఎర్రటి క్రాన్‌బెర్రీ రసం కలిపి ఊదా రంగు తెప్పిస్తారు. అంతటితో సరి. తాగినవాడికి ఆ గిటారు గుర్తొస్తుందా అంటే, నాకు నమ్మకం లేదు. పాప్ సంగీతం నిజంగా జాతకం మార్చిన వోడ్కా కాక్‌టెయిల్ అంటే నా లెక్కలో కాస్మోపాలిటనే.

దానికి ఇప్పటి రూపం ఇచ్చింది న్యూయార్క్‌లోని ఓడియన్ రెస్టారెంట్‌లో పనిచేసిన టోబీ చెక్కిని, 1988 ప్రాంతంలో. అంతకుముందు ఆ పేరుతో వోడ్కా, సీసాలో దొరికే తియ్యటి నిమ్మరసం, గ్రెనడిన్ కలిపి ఇచ్చేవారు. ఆయన తాజా నిమ్మరసం, క్వాంత్రో, రంగుకు సరిపడా క్రాన్‌బెర్రీ వాడాడు. మామూలు వోడ్కా బదులు అప్పుడే కొత్తగా వచ్చిన నిమ్మ వాసన వోడ్కా, అబ్సల్యూట్ సిట్రాన్ పోశాడు. మయామీలో షెరిల్ కుక్ తానే ముందు చేశానంటుంది. ఈ దాయాదుల తగువు ఇప్పట్లో తేలదు.

ఇక సంగీతం సంగతి. రాక్‌ఫెల్లర్ భవనం 65వ అంతస్తులోని రెయిన్‌బో రూమ్‌లో డేల్ డెగ్రాఫ్ ఈ డ్రింకు కలిపేవాడు. గ్రామీ పార్టీలో మడోన్నా దాన్ని తాగుతుండగా తీసిన ఫోటో బయటికొచ్చాక బార్‌కి ఫోన్ల మీద ఫోన్లు వచ్చాయని ఆయనే చెబుతాడు.

కొలత తేలికే: సిట్రాన్ వోడ్కా 40 మిల్లీలీటర్లు, క్వాంత్రో 15, నిమ్మరసం 15, క్రాన్‌బెర్రీ 30. కష్టమంతా చేతిలో ఉంది. వోడ్కాకు తనదంటూ రుచి తక్కువ కాబట్టి విస్కీలా మన తప్పుల్ని కప్పిపెట్టదు. రసం అప్పటికప్పుడు పిండాలి, అదీ గింజలు నలిగేంత కాదు. షేకర్ నిండా గట్టి ఐసు వేసి, పైన తెల్లగా మంచు పట్టి వేళ్లు జివ్వుమనేదాకా పది పదిహేను సెకన్లు బలంగా ఊపాలి. ఐసు కరిగి చేరే నీళ్లను చూసి కంగారు పడక్కర్లేదు, పులుపు పదును దించేది అవే. టీ వడగట్టే జల్లెడలోంచి పోస్తే ఐసు పలుకులు పడవు.

ఆ తర్వాత తొక్క. డెగ్రాఫ్ నారింజ తొక్కను రూపాయి బిళ్లంత కోసి, అగ్గిపుల్ల మంటతో కొంచెం వెచ్చచేసి, రంగు వైపును మంటకు చూపిస్తూ గ్లాసు మీద టక్కున నొక్కేవాడు. చిన్నప్పుడు కమలాపండు తొక్క తమ్ముడి కళ్లలోకి చిమ్మినవాళ్లకు ఆ తుంపర తెలిసిందే. అదే నూనె. మంటలోంచి చిటపటమంటూ వెళ్లి డ్రింకు మీద పల్చగా పరుచుకుంటుంది. నోటికంటే ముందు ముక్కుకు అందేది ఆ వాసనే.

సిట్రాన్ దొరకకపోతే మామూలు వోడ్కాలో పసుపుపచ్చ లెమన్ తొక్కను ఒకటి రెండు రోజులు నానబెడితే చాలు. లోపలి తెల్ల పొర మాత్రం రాకూడదు, చేదంతా అందులోనే. నిమ్మనూనె నీళ్లలో కరగదు గానీ ఆల్కహాల్‌లో హాయిగా కరుగుతుంది.

గూడూరు, తెనాలి మార్కెట్లలో బస్తాలకెత్తే మన కాగ్జీ నిమ్మతో చేసేవారికి ఒక మాట. అమెరికా బార్లలో ఎక్కువగా వాడే పెద్ద, గింజల్లేని పర్షియన్ నిమ్మకంటే ఇది పుల్లన. 15 మిల్లీలీటర్లూ ఒకేసారి పోయకుండా 10తో మొదలుపెట్టి రుచి చూడండి. దీని తొక్క బాగా పల్చన, మెలితిప్పి పిండటానికి పనికిరాదు. దానికి నారింజే తెచ్చుకోవాలి.