త్రుప్పు ప్రయోగము: గాలిలోని ఆమ్లజని కొలతపై ఒక విమర్శ

గాలియందు నూటికి ఇంచుమించు 21 పాళ్ళు ఆమ్లజని కలదని పాఠశాల విద్యార్థి యెవ్వడైనను చెప్పగలడు. ఆ సంఖ్య యెట్లు తెలిసినదని యడిగినచో మాత్రము సమాధానము తడబడును. హోసూరు, కృష్ణగిరి ప్రాంతములందు తెలుగు చదువుకొను బాలబాలికల విషయమున ఈ ప్రశ్నకు విశేషప్రయోజనము కలదు. 2006వ సంవత్సరపు తమిళాధ్యయన చట్టము పిమ్మట అచ్చటి పాఠశాలలలో తెలుగునకు మిగిలిన తావు కొలదిది. ఆ కొలది తావున బోధింపబడు శాస్త్రమైనను కంఠస్థము చేయు వాక్యముగాక, చేతితో చేసి కంటితో చూచునదిగా నుండవలెను గదా!

తరతరములుగా ఇందులకు చూపబడుచున్నది క్రొవ్వొత్తి ప్రయోగము. పళ్ళెములో నీరు పోసి, నడుమ క్రొవ్వొత్తిని వెలిగించి, దానిపై గాజుపాత్రను బోర్లింతురు. దీప మారును; నీరు పాత్రలోని కెక్కును. ఎక్కిన నీరే ఆమ్లజని పాలని, అది అయిదవ వంతని చెప్పుదురు. చూచుటకు ముచ్చటయైనను ఇది తప్పుడు సాక్ష్యము. ఆమ్లజని నూటికి 16 పాళ్ళ ప్రాంతమునకు తగ్గినంతనే క్రొవ్వొత్తి యారిపోవును. తక్కినది పాత్రలోనే మిగిలియుండును. వ్యయమైన ఆమ్లజనికి మారుగా బొగ్గుపులుసు వాయువును, నీటియావిరియు పుట్టును. ఇక నీరు ఏల యెక్కును? పాత్రను బోర్లించు వేళ మంట వేడిమికి వ్యాకోచించిన గాలి చల్లారి కుంచించుకొనుట వలన. దీనికి నిదర్శనము కన్నులయెదుటనే యున్నది. ఆమ్లజని వ్యయమగుటయే కారణమైనచో దీపము వెలుగుచున్నంతసేపును నీరు మెల్లమెల్లగా పైకి రావలెను. అట్లుగాక దీప మారిన పిమ్మటనే అది జర్రున లేచును. ఒక్క వత్తికి బదులు మూడు వత్తులు వెలిగించినచో నీరు మరింత యెత్తున కెక్కును. గాలిలోని ఆమ్లజని వత్తుల సంఖ్యననుసరించి పెరుగునా?

ఇనుము త్రుప్పుపట్టుట యను ప్రయోగమున నీ దోషములు లేవు. ఇనుము ఆమ్లజనిని గ్రహించి ఘనపదార్థముగనే మారును. మారుగా వాయువేదియు వెలువడదు. వేడిమి పుట్టినను అది దినములకొలది మెల్లగా పుట్టి చెదరిపోవును. లెక్కకు 7 పాళ్ళ యినుమునకు 3 పాళ్ళ ఆమ్లజని చెల్లును. ఒకవైపు మూసిన గాజునాళికలో తడిపిన యినుపపీచును ఇరికించి, నీటిలో తలక్రిందుగా నిలిపినచో నాలుగైదు దినములలో నీరు అయిదవ వంతు మేరకు చేరును.

పరికరములకు కొరత లేదు. హోసూరు యంత్రకర్మాగారముల ఊరు. లేతుయంత్రముల చెంత ఇనుపతురుము పోగులుగా నుండును. కృష్ణగిరి జిల్లాలోని మయిలాడుంపారైలో వెలువడిన యినుముతో సంబంధించిన కాలనిర్ణయము క్రీస్తుపూర్వము 2172 అని 2022లో ప్రకటింపబడినది. నాలుగువేల యేండ్ల నాడే యినుమును ఎరిగిన నేలపై దాని త్రుప్పును కొలచుట ఉచితముగనే యున్నది!

అయినను ఈ ప్రయోగమును వర్ణించు తీరు విమర్శింపదగినది. రెండు మూడు వాక్యములలో విధానమును ముగించి, ఫలితమును మాత్రము స్పష్టముగా పలుకుట పరిపాటి. లేతు తురుముపై నూనె పూత యుండును. సబ్బునీట కడిగి దానిని పోగొట్టనిచో వారము దినములైనను త్రుప్పు కానరాదు. అంగడిలో దొరకు తళతళలాడు పాత్రల పీచు పెక్కు తావుల త్రుప్పుపట్టని ఉక్కుతో చేయబడినది. దానితో ప్రయోగించిన బాలుడు కదలని నీటిని చూచి తన చేతినే నిందించుకొనును. త్రుప్పును త్వరపరచుటకు వినిగరులో ముంచుమని కొందరు చెప్పుదురు. మంచిదే, కాని యా పులుసును విదిలించి కడుగనిచో అది యినుముతో కలిసి ఉదజనిని పుట్టించును, ఆ మేరకు నీరు తక్కువగా నెక్కును.

ఇంతకంటె పెద్దలోపము, ఇనుము లేని రెండవ నాళికను ప్రక్కన నిలుపవలెనన్న మాట లేకపోవుట. వేడిమి 3 డిగ్రీలు తగ్గినచో గాలి నూటికొక పాలు కుంచించును. ఉదయమున నిలిపి మధ్యాహ్నమున చదివిన కొలతలో ఆమ్లజని యెంత, ఎండ యెంత? ఆ వట్టినాళికయే చెప్పవలెను. చదువు వేళ లోపలి నీటిమట్టమును వెలుపలి మట్టమును సమానము చేయవలెను.

తేమ సంగతి మరింత సూక్ష్మము. 25 డిగ్రీల వద్ద నీటియావిరి యొత్తిడి పాదరసమున 24 మిల్లీమీటర్లు. హోసూరున గాలియొత్తిడి సుమారు 685. నాళికలోని గాలి మొదట సగము తేమతో నుండి, పిదప నీటిచెంత పూర్తిగా తేమపట్టినచో 20.95 పాళ్ళకు బదులు 19.5 పాళ్ళే కానవచ్చును. నాళికను ముందుగనే తడిపి కొంతసేపు నిలిపిన పిమ్మట కొలత ప్రారంభించినచో ఈ దోషము తొలగును. ఇది కష్టసాధ్యమైన పని కాదు. చెప్పవలసినవారు చెప్పకుండుటయే కొరత.

ఈ విషయమున పూర్వుల నడవడి గమనింపదగినది. షీలే 1778లో ఇనుపరజను, గంధకముల తడిముద్దతో గాలిని దినదినమును పరీక్షించి 33 పాళ్ళలో 9 పాళ్ళని తెల్పెను. అనగా నూటికి 27. లవోయిజియే పాదరసమును పండ్రెండు దినములు కాచి, 50 ఘనాంగుళముల గాలిలో 42 లేక 43 మిగిలినవని 1789లో ప్రకటించిన గ్రంథమున వ్రాసెను. అది ఆరవ వంతునకు దరిదాపు. కేవెండిష్ 1783లో ప్రచురించిన కొలతలను లెక్కించినచో 20.83 వచ్చుట ఆశ్చర్యకరము. లవోయిజియే అయిదవ వంతును ఊహించి వ్రాయలేదు, చూచినదానినే వ్రాసెను. నేడొక విద్యార్థి ఆరవ వంతని వ్రాసినచో ఆతనికి సున్న మార్కు పడును. ఇంతకంటె శాస్త్రవిరుద్ధమైన శిక్ష వేరొకటి కలదా?

పేరును గూర్చియు ఒక మాట. ఆమ్లజని యనగా ఆమ్లమును పుట్టించునది. ఆమ్లములన్నిటికి ఈ వాయువే మూలమని లవోయిజియే తలచి పెట్టిన పేరునకు ఇది అనువాదము. ఉప్పుద్రావకమున ఆమ్లజని లేదని డేవీ 1810లో నిరూపించెను. పేరు మాత్రము నిలిచిపోయినది. కన్నడమున ఆమ్లజనకయనుటలోను అదియే పొరపాటు. తమిళమున ఉయిర్‌వళి, తెలుగువాడుకలో ప్రాణవాయువు ఆ దోషమునకు లోనుగానివి. త్రుప్పునకు మాత్రము తమిళమున తురు, కన్నడమున తుక్కు, తెలుగున తుప్పు. మూడును వినుటకు సమీపములే. మూడు భాషలు వీధిలో వినవచ్చు హోసూరు బాలునకు ఈ ముచ్చట చెప్పినచో పాఠము పదింతలు నిలుచును.

హోసూరు సముద్రమట్టమునకు దాదాపు 900 మీటర్ల యెత్తున నున్నది. కృష్ణగిరి 500 మీటర్ల ప్రాంతమున. కృష్ణగిరి గాలియొత్తిడి 716 మిల్లీమీటర్లకు చేరువ. అందుచే హోసూరు గాలి నూటికి సుమారు 4 పాళ్ళు పలుచన. ఎత్తునకు పోయినకొలది ఆమ్లజని తక్కువ యని వినిన విద్యార్థి, హోసూరు నాళికలో నీరు తక్కువ యెక్కునని యెంచును. అట్లు జరుగదు. పాలు వేరు, రాశి వేరు; ఈ భేదమును వివరింపకయే పాఠములు సాగిపోవుచున్నవి. రెండు ఊళ్ళ పాఠశాలలు ఒకే వారమున, ఒకే కొలత నాళికలతో, ఒకే వేడిమి వద్ద ఈ ప్రయోగమును జరిపి పట్టికలు మార్చుకొనవచ్చును. 100 మిల్లీలీటర్ల పొడిగాలిలో హోసూరున సుమారు 25, కృష్ణగిరిలో 26 మిల్లీగ్రాముల ఆమ్లజని యుండును. ఆ యొక్క మిల్లీగ్రామును పాఠశాల త్రాసు పట్టజాలదు, లెక్కయే చెప్పవలెను. కృష్ణగిరి నాళికలోని యినుము ఆ మేరకు ఎక్కువ త్రుప్పుపట్టును. నీరు మాత్రము రెండు ఊళ్ళను ఒకే గీటు వద్ద నిలుచును.