చెక్‌డిస్క్ మెమరీ వివాదము : ఒక విమర్శ

కంప్యూటరు డిస్కును తనిఖీ చేసి, అందలి లోపములను సరిదిద్దుటకు విండోస్‌లో చెక్‌డిస్క్ అను ప్రోగ్రాము కలదు. పాఠశాల కంప్యూటరు గదిలో విద్యుత్తు హఠాత్తుగా పోయి తిరిగి వచ్చినపుడు, తెరమీద శాతములు లెక్కించుచు మనలను కొంతసేపు కూర్చుండబెట్టునది ఇదియే. ఇట్టి నిరాడంబరమైన ప్రోగ్రాము మీద 2009 ఆగస్టులో పెద్ద దుమారము లేచెను. విండోస్ 7 తుదిరూపము జూలై 22న సిద్ధమయ్యెను; అక్టోబరు 22న అది అంగళ్ళకు రావలసియుండెను. ఈ నడిమి కాలములో దానిని వాడిచూచిన కొందరు ఒక వింతను గమనించిరి. విండోస్ ఉన్న డిస్కును గాక రెండవ డిస్కును, 'స్లాష్ ఆర్' అను ఆదేశము చేర్చి చెక్‌డిస్క్‌తో తనిఖీ చేయించినచో, ఆ ప్రోగ్రాము యంత్రములోని మెమరీని క్రమక్రమముగా మింగుచు తొంబది శాతమునకు పైగా ఆక్రమించుచుండెను. తమ యంత్రము నీలితెర చూపి ఆగిపోయినదని కూడ కొందరు వ్రాసిరి. ఇది 'మెమరీ లీకు' అనియు, విండోస్ 7 విడుదలకే ఆటంకము కాగలదనియు వార్తలు వెలువడెను.

అప్పుడు మైక్రోసాఫ్టులో విండోస్ విభాగమునకు అధ్యక్షుడుగా నుండిన స్టీవెన్ సినోఫ్‌స్కీ స్వయముగా సమాధానమిచ్చెను. యంత్రము ఆగిపోవుట తమ పరీక్షలలో కనబడలేదనెను. మెమరీని ఎక్కువగా వాడుట పొరపాటు కాదనియు, పని త్వరగా ముగియుటకై కోరి చేసినదే ననియు చెప్పెను. ఆ వాడకమునకు హద్దు కలదనియు, కనీసము 50 మెగాబైట్లు విడిచిపెట్టి మిగిలినది మాత్రమే తీసుకొనుననియు వివరించెను. 'స్లాష్ ఆర్' అని ఆదేశించిన మనిషి తన ఇతర వ్యాపకములకంటె డిస్కు బాగుపడుటనే కోరునని తాము భావించితిమనెను. ఈ సమాధానములో సరియైన మాటయు, సరికాని మాటయు ఒకదానితో ఒకటి పెనవేసికొని యున్నవి. వానిని విడదీసి చూడవలెనన్న ముందు ఈ తనిఖీ ఎట్లు జరుగునో తెలియవలెను.

ఉన్నత పాఠశాల గ్రంథాలయములో ఏటేట జరుగు పుస్తకముల తనిఖీ ఉపాధ్యాయులకు పరిచితమే. యాక్సెషన్ రిజిస్టరులోని ప్రతి పంక్తియు సరిగా నున్నదా అని చూచుట మొదటి పని. సూచికలోని ప్రతి కార్డును రిజిస్టరుతో సరిపోల్చుట రెండవది. ఏ పుస్తకము ఎవరికి ఈయవచ్చునో తెలుపు కట్టుబాట్లను సరిచూచుట మూడవది. చెక్‌డిస్క్ చేయునదియు ఇంచుమించు ఇదే. ఎన్.టి.ఎఫ్.ఎస్. పద్ధతిలో ఏర్పరచిన డిస్కులో 'మాస్టర్ ఫైల్ టేబుల్' అను పెద్ద పట్టిక యుండును. ప్రతి ఫైలునకు అందులో సాధారణముగా 1024 బైట్ల పొడవు గల పంక్తి యొకటి యుండును. ఆ పట్టికను, ఫోల్డరుల సూచికలను, భద్రతా వివరములను చెక్‌డిస్క్ వరుసగా మూడు దశలలో సరిచూచును. 'స్లాష్ ఆర్' చేర్చినచో మరి రెండు దశలు వచ్చి చేరును. నాలుగవ దశలో ప్రతి ఫైలులోని సమాచారమంతయు చదివి చూచును. ఐదవ దశలో ఖాళీ స్థలమును కూడ చదివి చూచును. అనగా ప్రతి పుస్తకమును తెరచి పుట పుటయు తిప్పి, అటుపిమ్మట ఖాళీ అరలలో చెదలు పట్టినదా అని తడవి చూచుట వంటిది. పెద్ద డిస్కు మీద ఇది గంటల తరబడి సాగుటలో ఆశ్చర్యము లేదు.

తనిఖీ చేయువారికి రిజిస్టర్లు పరచుకొనుటకు బల్లలు కావలెను. కంప్యూటరులో ఆ బల్లలే మెమరీ. ఎన్ని బల్లలు కావలెను? ఇక్కడనే అసలు చిక్కున్నది. తప్పనిసరిగా కావలసినవి కొన్ని, ఉన్నచో పని వేగముగా సాగునవి కొన్ని. ఈ రెండింటిని వేరువేరుగా లెక్కింపవలెను.

మొదట తప్పనిసరి సంగతి చూతము. డిస్కులోని ఒకే తునకను రెండు ఫైళ్ళు తమదని చెప్పరాదు. దీనిని కనిపెట్టుటకు ప్రతి తునకకును 'ఎవరికో చెందినది', 'ఎవరికిని చెందలేదు' అను గుర్తు ఒకటి పెట్టుకొన్న చాలును. ఆ గుర్తునకు ఒక్క బిట్టు సరిపోవును. 1 టెరాబైటు డిస్కును 4 కిలోబైట్ల తునకలుగా విభజించినచో 26,84,35,456 తునకలగును. అన్నియు కలిపి ఎనిమిదితో భాగించినచో 3,35,54,432 బైట్లు, అనగా సరిగా 32 మెగాబైట్లు. ఫైళ్ళ లెక్కలకు మరికొంత చేర్చినను, ఈ పనికి గిగాబైట్ల కొలది మెమరీ తప్పనిసరి యనుటకు వీలులేదు.

ఇక వేగము సంగతి. ఒక డిస్కులో పది లక్షల ఫైళ్ళున్నవనుకొందము. ఫోల్డరు సూచికలోని పేర్ల వరుస వేరు, పెద్ద పట్టికలోని పంక్తుల వరుస వేరు. కనుక ప్రతి పేరునకును పట్టికలోని పంక్తిని వెదకి తేవలసియుండును. తిరుగు పళ్ళెములు గల హార్డు డిస్కులో చదువు ముల్లు ఒక చోటినుండి మరియొక చోటికి పోయి నిలుచుటకు సుమారు 10 మిల్లీసెకండ్లు పట్టును. పదిలక్షల మారులు పోయివచ్చినచో 10,000 సెకండ్లు, అనగా దాదాపు రెండు గంటల నలుబదియేడు నిమిషములు. అట్లు గాక పట్టికనంతయు ఒక్క వరుసలో చదివి మెమరీలో పెట్టుకొన్నచో? దాని పరిమాణము ఒక గిగాబైటునకు దరిదాపు. సెకండునకు 100 మెగాబైట్ల చొప్పున చదువు డిస్కుమీద పది సెకండ్ల పని. ఇది సూత్రమును తెలుపుటకు వేసిన లెక్కయే అయినను, సినోఫ్‌స్కీ చెప్పిన మొదటి మాట ఉత్త సాకు కాదని దీనివలన తేలుచున్నది. బల్లలు ఎక్కువగా నున్నచో తనిఖీ నిజముగానే త్వరపడును.

"మెమరీ ఎంత ఖాళీగా నుంచిన అంత మంచిది కదా సార్" అని విద్యార్థులు తరచుగా అడుగుచుందురు. చదువరులు నిలుచుండగా బల్లలు ఖాళీగా నుంచుట గ్రంథాలయమునకు ఏ విధముగను గొప్ప కాదు. 2009 నాటి వార్తలలో చాలభాగము ఈ అపోహపైననే నిలిచియుండెను. మెమరీ తొంబది శాతము నిండినదన్న అంకెయొక్కటే నేరమునకు సాక్ష్యము కానేరదు.

మరి అది లీకు అవునా, కాదా? లీకు అనగా ప్రోగ్రాము తాను తీసుకొన్న మెమరీని పనియైన పిదప విడువక, మరచి, మరల మరల క్రొత్తది కోరుచుండుట. దీనిని తేల్చుటకు కొందరు చేయు పరీక్ష సరియైనది కాదు: ప్రోగ్రాము ముగిసిన పిదప మెమరీ తిరిగి వచ్చినది గనుక లీకు లేదందురు. ప్రోగ్రాము ముగియగానే దాని సొంత మెమరీనంతయు విండోస్ తానుగా స్వాధీనము చేసికొనును. లీకున్నను లేకున్నను అది తిరిగి రాక మానదు. సరియైన పరీక్ష వేరు. ఒకే డిస్కును 2 గిగాబైట్ల మెమరీ గల యంత్రములోను, 8 గిగాబైట్లు గల యంత్రములోను తనిఖీ చేసి చూడవలెను. తరువాత ఒకే యంత్రములో చిన్న డిస్కును, పెద్ద డిస్కును మార్చి చూడవలెను. వాడకము చేసిన పనిని బట్టి హద్దులేక పెరుగుచు పోయినచో లీకును శంకింపవచ్చును. యంత్రములోని మెమరీ ఎంత యున్న అంతకు దాపుగా పోయి అక్కడ నిలిచినచో, అది రచయితలు పెట్టిన నియమము. సినోఫ్‌స్కీ చెప్పిన హద్దు ఈ రెండవ జాతికి చెందినది. ఒక్కసారికి ఒక్క కారణమునే మార్చి చూడవలెనని భౌతికశాస్త్ర ప్రయోగములలో మనము నేర్పునది ఇక్కడను వర్తించును.

అప్పటి నివేదికలు ఒకదానితో ఒకటి పొసగకుండుటకు మరియొక కారణము కూడ కలదు. 32 బిట్ల విండోస్‌లో ఏ ప్రోగ్రామునకైనను సాధారణముగా 2 గిగాబైట్లకు మించిన చోటు దొరకదు. 64 బిట్ల విండోస్‌లో ఆ గోడ లేదు. కావున 4 గిగాబైట్ల యంత్రముమీదనే ఒకరికి సగము మెమరీ మిగులవచ్చును, మరియొకరికి ఏమియు మిగులకపోవచ్చును. ఇద్దరును నిజమే చెప్పిరి.

నీలితెర సంగతి దీనితో కలిపి చెప్పుట ఆనాటి పెద్ద తికమక. చెక్‌డిస్క్ వంటి మామూలు ప్రోగ్రాము ఎంత మెమరీ అడిగినను విండోస్ ఈయవచ్చును, నిరాకరింపవచ్చును. తాను మాత్రము కూలిపోరాదు. కూలినచో డిస్కును నడుపు డ్రైవరునో, హార్డువేరునో అనుమానింపవలెను. మెమరీ చిప్పులో ఒక మూల చెడియున్నదనుకొందము. రోజువారీ పనులలో ఆ మూలకు ఎవరును పోరు, లోపము నిద్రించుచుండును. మెమరీ అంతయు నింపు ప్రోగ్రాము వచ్చినపుడు అది బయటపడును. అప్పుడు నింద చెక్‌డిస్క్‌పై పడును! ఇట్టి సందర్భములో విండోస్‌లోనే ఉన్న మెమరీ డయాగ్నాస్టిక్ అను పరీక్షను నడపి చూచుట, డ్రైవర్లను సరిక్రొత్తవానితో మార్చుట మొదట చేయవలసిన పనులు. డిస్కే చెడిపోవుచున్నదని తోచినచో, అన్నిటికంటె ముందు ముఖ్యమైన ఫైళ్ళను వేరొక చోటికి నకలు తీసికొనవలెను. ఐదు దశల తనిఖీ రోగియైన డిస్కుచేత పరుగుపందెము చేయించుట వంటిది. ఏ ఆదేశమును చేర్చకుండ చెక్‌డిస్క్‌ను నడపినచో అది చూచునే గాని దేనిని మార్చదు. అక్కడనుండి ప్రారంభించుట క్షేమము.

ఇంతవరకు రచయితల పక్షమున చెప్పితిమి. వారి తప్పు ఎక్కడనున్నది? 'స్లాష్ ఆర్' అన్నవాడు వేరే పని కోరడన్న ఊహలోనే. విండోస్ ఉన్న డిస్కు విషయములో ఈ ఊహ ఇంచుమించు సరిపోవును. అట్టి మరమ్మతు యంత్రము తిరిగి మొదలగునపుడు జరుగును, అప్పుడు మనిషికి వేరే పని చేయుటకు వీలే లేదు. గ్రంథాలయము మూసిన దినమున బల్లలన్నియు వాడుకొన్నను అడుగువారుండరు. కాని రెండవ డిస్కును తనిఖీ చేయునపుడు విండోస్ నడచుచునే యుండును. మనిషి వ్యాసము వ్రాయుచుండవచ్చును, మార్కుల పట్టిక నింపుచుండవచ్చును. గ్రంథాలయము తెరచియున్నది, చదువరులు లోపల నున్నారు. తనిఖీదారు వచ్చి వాకిటి దగ్గర ఒక్క పీట విడిచి, తక్కిన బల్లలన్నియు లాగుకొనెను. 4 గిగాబైట్లలో 50 మెగాబైట్లనగా నూటికి ఒకటింబావు పాలు కూడ లేదు. అప్పటివరకు మెమరీలో నున్న ఇతర ప్రోగ్రాముల సమాచారము డిస్కులోని పేజీ ఫైలునకు నెట్టబడును. మనిషి ఒక కీ నొక్కి ఫలితమునకై ఎదురుచూచుచుండును. హద్దు ఉన్నదన్న మాట నిజమే. ఆ హద్దును తనిఖీ సౌకర్యమునకే గాని యజమాని సౌకర్యమునకు గీయలేదు. అంతకంటె ఆక్షేపణీయము, ఆ సంగతి తెరమీద ఒక్క వాక్యములోనైనను చెప్పకపోవుట. చెప్పియున్నచో లీకన్న మాట పుట్టకనే పోయెడిది.

2012లో వెలువడిన విండోస్ 8 ఈ విషయములో చాల మెరుగు. అందులో చెక్‌డిస్క్‌ను తిరిగి రచించిరి. డిస్కు వాడుకలో నుండగనే లోపములను వెదకి ఒక చిట్టాలో వ్రాసికొనుటకు 'స్లాష్ స్కాన్', ఆ చిట్టాలోనున్న వానిని మాత్రమే సరిదిద్దుటకు 'స్లాష్ స్పాట్‌ఫిక్స్' అను ఆదేశములు ఏర్పడెను. డిస్కును మూసియుంచవలసిన కాలము ఫైళ్ళ సంఖ్యను గాక లోపముల సంఖ్యను అనుసరించునట్లయినది. మన చర్చకు ముఖ్యమైనది 'స్లాష్ పెర్ఫ్' అను మూడవ ఆదేశము. దానిని స్కాన్‌తో చేర్చినచో, ఇతర పనులు మందగించినను సరే, యంత్రశక్తిని ఎక్కువగా వాడుకొని త్వరగా ముగించుమని అర్థము. చేర్చనిచో అట్లు చేయదు. 2009లో రచయితలు మనతరఫున ఊహించుకొన్న సమ్మతిని ఇప్పుడు అడిగి తీసుకొనుచున్నారు.

వేగము లెక్కయు అప్పటివలె లేదు. పళ్ళెములు, ముల్లు లేని ఎస్.ఎస్.డి.లో ఒక పంక్తిని తెచ్చుటకు మిల్లీసెకండులో పదవ వంతు చాలుననుకొన్నను, పై పదిలక్షల వెదకులాట నూరు సెకండ్లలో ముగియును. అట్టి డిస్కుకు మెమరీ అంతయు కావలెనను వాదమునకు బలము తగ్గినది. పెద్ద హార్డు డిస్కులకు మాత్రము అది ఇప్పటికిని చెల్లును.

లినక్స్‌లోని తనిఖీ ప్రోగ్రాములు కూడ తిండిపోతులే. ఈ-టు-ఎఫ్.ఎస్.సి.కె. అనునది పెద్ద డిస్కులమీద మెమరీ చాలక నిలిచిపోయినపుడు, దాని పట్టికలను మెమరీలో గాక వేరొక డిస్కులోని ఫోల్డరులో వ్రాసికొనునట్లు అమర్చుకొనవచ్చును. పని సాగును, కాని మిక్కిలి నెమ్మదిగా. ఎక్స్.ఎఫ్.ఎస్. రిపేర్ అనునది ఏమియు చెప్పనిచో యంత్రపు మెమరీలో సుమారు 75 శాతము వరకు తన నిల్వకు వాడుకొనగలదు. అయితే 'ఎమ్' అను ఆదేశముతో ఇన్ని మెగాబైట్లకు మించరాదని మనము హద్దు గీయవచ్చును. దానిలో నాకు మిక్కిలి నచ్చినది వేరొకటి. డిస్కును వాడుకనుండి తప్పించి, దేనిని మార్చవద్దనియు, వివరములు చెప్పుమనియు ఆదేశించి, ఒక్క మెగాబైటుతో సరిపెట్టుకొమ్మన్నచో, ఆ మెమరీ చాలకపోవచ్చుననియు, ఈ డిస్కుకు కనీసము ఇన్ని మెగాబైట్లు కావలెననియు అంకెతో సహా తెరమీద చెప్పును.