ఆరు గజాలు, మూడు మడతలు

ఈ వారం మధ్యాహ్నాలన్నీ బొంత మీదే గడిచాయి. హాల్లో సోఫా గోడకి జరిపేసి, నేల తుడిచి, తడి ఆరాక చీరలు పరిచాను. నాలుగు మూలలా బరువులు పెట్టాను: రుబ్బురోలు పొత్రం, ఇస్త్రీ పెట్టె, రెండు ఆవకాయ జాడీలు. అమ్మ కుర్చీలో కూర్చుని చూస్తోంది. సూదిలో దారం ఎక్కించడానికి ఇప్పుడు ఆవిడ కళ్లు సాయపడవు కానీ, బట్టలో ముడత ఎక్కడుందో మాత్రం నాకంటే ముందు కనిపెడుతుంది.

“మధ్యలోంచి మొదలెట్టవే. ముడతని అంచుకి తోలుకుపో.”

అంచు నుంచి మొదలుపెడితే ముడతంతా మధ్యకి చేరి గడ్డ కడుతుంది. పడుకున్నవాళ్ల వీపుకి రాత్రంతా అదే తగులుతుంది. అందుకే ముందు నడిమధ్య నుంచి నాలుగు దిక్కులకీ పెద్దపెద్ద టాకాలు వేసి పొరలన్నిటినీ పట్టి ఉంచాలి. అసలు కుట్టు ఆ తర్వాతే.

బొంత లెక్క చీర లెక్కే. ఆరు గజాల చీరని మూడు మడతలు వేస్తే రెండు గజాలవుతుంది. ఒక మనిషి కాళ్లు చాపుకుని పడుకునే కొలత అది. వెడల్పు 45 అంగుళాలు ఎలాగూ ఉంటుంది. ఒక చీరని మూడుగా కోసి గట్టి ముక్కలు రెండూ పైనా కిందా వేస్తాం. మెత్తబడిపోయినవీ, చిరుగులు పట్టినవీ, నాన్న పాత పంచెలూ లోపలికి వెళతాయి. ఆరు పొరలు దాటితే సూది మొరాయిస్తుంది. నాలుగు కంటే తగ్గితే అది దుప్పటే అవుతుంది. చినిగిన చీరల అంచులు విడిగా కోసి చుట్టూ పట్టీ కడతాం. దారాన్ని రెండు పేటలు చేసి కొవ్వొత్తి మీద ఒకసారి లాగితే చిక్కుపడకుండా జారుతుంది. ముడి ఎప్పుడూ పొరల మధ్యకే పోవాలి, చేతికి తగలకూడదు.

నిన్న టాకాలు వేస్తూ ఒక లెక్క కట్టాను. వరసకీ వరసకీ మధ్య వేలెడు వెడల్పు, అంటే ముప్పావు అంగుళం వదిలితే 45 అంగుళాలకి 60 వరసలు పడతాయి. ఒక్కో వరస రెండు గజాలు. మొత్తం 120 గజాల కుట్టు, రెండు పేటల దారం కాబట్టి 240 గజాలు. అంగుళానికి మూడు కుట్లు చొప్పున ఒక్క బొంతకి 12,960 కుట్లు. ఆ అంకె చూసి నాకు భయం వెయ్యలేదు, ఎంతో హాయిగా అనిపించింది. అన్ని కుట్లు ఇంకా నా ముందున్నాయి, అన్ని మధ్యాహ్నాలు నావి.

“గంతకు తగ్గ బొంత” అని ఎవరైనా ఒక జంటని తేలిగ్గా తీసిపారేస్తే నాకు నచ్చదు. గంతకి తగ్గట్టు బొంతని కూర్చడం చిన్న పనేం కాదు. ఏ నూలు ఏ నూలుతో కలిసి నాలుగు ఉతుకులు తట్టుకుంటుందో, ఏది ముడుచుకుపోయి పక్కదాన్ని లాగేస్తుందో చేత్తో తడిమి చెప్పగలగాలి. కొత్త నేత చీరనీ పదేళ్లు ఉతికిన చీరనీ పక్కపక్కన కుడితే మొదటి ఉతుక్కే కొత్తది కుంచించుకుపోయి బొంత వంకర తిరుగుతుంది. కాబట్టి బొంతలో వెయ్యాలంటే చీర ముందు మనతో కొన్నేళ్లు బతకాలి.

ఈ పని మనదొక్కటే కాదు. బెంగాల్లో కాంథా ఉంది. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా అడవుల్లో ఉండే సిద్దీ ఆడవాళ్లు కవంది కుడతారు. వాళ్లది మాకు పూర్తిగా తిరగేసిన పద్ధతి. అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ మధ్యకి వస్తారు. చివర్లో నాలుగు మూలలా మడిచిన చిన్న గుడ్డముక్కలు కుడతారు. ఆ ముక్కల్ని పువ్వులంటారు. అవి లేకపోతే కవంది ఒంటిమీద బట్టల్లేనట్టేనని వాళ్ల భావన. ఆ సంగతి తెలిసిన రోజు అమ్మకి చెబితే, కాసేపు ఆలోచించి, “మరి ముడతల్ని ఏం చేస్తారో అడిగి కనుక్కో” అంది. నేను ఇంకా కనుక్కోవాలి.

మా ఇంట్లో బొంతలు పెరగడానికి కారణం గోదావరి. మాది రాజమండ్రి. బృహస్పతి సింహరాశిలోకి వచ్చినప్పుడు, అంటే పన్నెండేళ్లకోసారి, ఈ ఊరికి పుష్కరాలొస్తాయి. అవి వానాకాలంలో పడతాయి. ఎండాకాలం చుట్టాలకి డాబా మీద నాలుగు నులకమంచాలు వాలిస్తే సరిపోతుంది. పుష్కరాల చుట్టాలకి అలా కుదరదు. నేల చెమ్మగా ఉంటుంది, డాబా మీద పడుకోలేరు, నదిలో మునిగి తడి జుట్టుతో వస్తారు. కింద ఒకటి, పైన ఒకటి, మనిషికి రెండు బొంతలు కావాలి. వానల్లో బొంత ఉతికితే ఆరదు. నీళ్లు తాగిన బొంతని పిండడానికి ఇద్దరు మనుషులు పట్టాలి. అందుకని రోహిణి కార్తె ఎండల్లోనే ఉన్నవన్నీ ఉతికి, డాబా పిట్టగోడ మీద ఆరేసి, మడతల్లో వేపాకు పెట్టి దాచేది అమ్మ.

అప్పట్లో వీధిలోకి పాత బట్టలకి స్టీలు సామాన్లిచ్చే మనిషి వచ్చేవాడు. పట్టు చీరకి బిందె వచ్చేది, నైలాన్ చీరలు నాలుగిస్తే గిన్నె వచ్చేది. కట్టి కట్టి వెలిసిన నూలు చీరని మాత్రం చేత్తో పక్కకి తోసేసేవాడు. అతను తోసేసినవన్నీ అమ్మ జాగ్రత్తగా మడిచి లోపల పెట్టేది. మా బొంతలన్నీ అలా మిగిలిన చీరలవే.

1991 పుష్కరాలకి నాకు ఎనిమిదేళ్లు. అంతకు ముందు మా వీధిలో ఆడవాళ్లు ఇరవై నలుగురు కలిసి లక్కీ స్కీము కట్టారు. నెలకి పాతిక రూపాయలు. ప్రతి నెలా ఒక పేరు తీస్తారు. ఎవరి పేరొస్తే వాళ్లు బహుమతి పట్టుకుపోతారు, ఆ తర్వాత కట్టక్కర్లేదు. నాలుగో నెల మా అరుగు మీద తీశారు. చీటీలు చెంబులో వేసి, పిల్లల్లో నన్ను పిలిచారు. చెయ్యి పెట్టి తీస్తే మా అమ్మ పేరు.

అమ్మ ముఖం ఎర్రబడింది. “మా పిల్లే తీసింది, మా పేరే వచ్చింది. బాగుండదు. మళ్లీ చెంబులో వేసి ఇంకెవరి చేతైనా తీయించండి” అంది. ఎదురింటి మామ్మగారు ఒప్పుకోలేదు. “వచ్చిన లక్ష్మిని వద్దనకూడదమ్మాయ్. పుష్కరాలొస్తున్నాయి, నీకే కావాలి” అన్నారు. వంద రూపాయలకి పన్నెండు స్టీలు పళ్లేలు! అమ్మ బజారుకెళ్లి ఒక్కోదాని వెనకా తన పేరు, ఏడాది కొట్టించింది. ఆ చుక్కచుక్కల అక్షరాల మీద వేలు పెట్టి రాయడం నాకు ఆ రోజుల్లో పెద్ద ఆట. ఆ వానాకాలం మూడు గదుల ఇంట్లో పంతొమ్మిది మంది చుట్టాలు. మొదటి బంతిలో పన్నెండు పళ్లేలూ నిండేవి. కడిగి తుడిచి రెండో బంతి వడ్డించేవాళ్లు. రాత్రికి ఏడు బొంతలు సర్దుకుని, పిల్లలం అడ్డంగా పడుకునేవాళ్లం.

చీటీ తగలడమూ చుట్టం రావడమూ నా లోపల ఒకే చోట ఉండిపోయాయి. రెండింటికీ కబురు ముందు రాదు. వచ్చినప్పుడు గుండెల్లో అదే చిన్న ఎగిరిపాటు. మొన్న సంక్రాంతికి మా వీధి వాళ్లంతా కలిసి తంబోలా ఆడితే నాకు జల్దీ ఫైవ్ తగిలింది. రెండు వందల రూపాయలు. అయిదో అంకె పిలిచిన క్షణంలో నేను కేకేసిన కేక వీధి చివరిదాకా వినబడిందట. ఆ డబ్బుతో తెల్లదారం రీళ్లు కొన్నాను. ఇప్పుడు కుడుతున్నది ఆ దారంతోనే. గోడ మీద కాకి అరిచినా నాకు అలాంటి సంబరమే. ఎవరో వస్తారని అమ్మ అప్పుడు ఒక డబ్బా బియ్యం ఎక్కువ కొలుస్తుంది. ఇప్పటికీ.

2003 పుష్కరాలు సుఖంగా జరిగిపోయాయి. చెప్పుకోవాల్సింది 2015.

జులై 14, మొదటి రోజు. పెద్దమ్మ వాళ్లు తొమ్మిది మంది తెల్లవారుజామున నాలుగింటికే బయలుదేరారు. పుష్కరాల రేవుకి వెళ్లాలనుకున్నవాళ్లు, దారిలో చంటివాడు ఏడుపు ఆపకపోతే వాడికి పాలు పట్టడానికి ఆగి, ఆలస్యమై, కోటిలింగాల రేవు వైపు తిరిగారు. పుష్కరాల రేవులో తొక్కిసలాట జరిగి ప్రాణాలు పోయాయని మాకు టీవీలో తెలిసింది. ఫోన్లు కలవలేదు. వాళ్లు గుమ్మంలోకి వచ్చేసరికి పదకొండు దాటింది. అమ్మ ఒక్కొక్కరి తలా ముట్టుకుని తొమ్మిది లెక్కపెట్టింది. దాన్ని అదృష్టం అనడానికి ఆ రోజు మాలో ఎవరికీ నోరు రాలేదు.

లెక్కకి తొమ్మిది కాదు, పదకొండు మంది ఉన్నారు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ముసలి దంపతులు గుంపులో తమవాళ్ల నుంచి తప్పిపోయి, రోడ్డు పక్కన కూర్చుని ఉంటే పెద్దమ్మ కొడుకు వెంటబెట్టుకొచ్చాడు. ఆయన ఫోను ఎక్కడో పడిపోయింది. ఇద్దరికీ కలిపి కాళ్లకి ఒక చెప్పే ఉంది. అమ్మ వేడినీళ్లు పెట్టింది, 1991 పళ్లేల్లో అన్నం వడ్డించింది. వాళ్లు రెండు ముద్దల కంటే తినలేకపోయారు.

రాత్రి నేను మంచినీళ్లకి లేచినప్పుడు ఆవిడ నిద్రపోకుండా కూర్చుని ఉన్నారు. ఒళ్లో బొంత. చీకట్లో కుట్టు వరసల మీద వేలు పెట్టి నడిపిస్తున్నారు, ఒక వరస చివరిదాకా వెళ్లి, పక్క వరసలోంచి వెనక్కి. అమ్మ కూడా లేచి వచ్చి పక్కన కూర్చుంది.

“ఇందుల ఎన్ని సీరలున్నాయమ్మా?” అని అడిగారు ఆవిడ. వచ్చాక ఆవిడ నోటివెంట విన్న మొదటి మాట అదే.

“రెండు చీరలు, ఒక పంచె పిన్నిగారూ. పైది బండారులంక నేత. మా అమ్మాయి కడుపులో ఉన్నప్పుడు కట్టుకున్నాను. లోపలిది మా అత్తగారిది. పంచె వీళ్ల నాన్నది.”

ఆవిడ ఇంకా అడిగారు. అత్తగారు ఎలా ఉండేవారు, ఆ పంచె పుట్టింటివారు పెట్టిందా, ఈ మూల అతుకు ఎందుకు పడింది. అమ్మ అన్నిటికీ తొందరపడకుండా జవాబు చెప్పింది. బయట వాన పట్టింది. నేను వింటూ వింటూ నిద్రపోయాను. తెల్లారి లేచేసరికి ఆవిడ పడుకుని ఉన్నారు, బొంత గడ్డం దాకా లాక్కుని. అమ్మ మా ఎవర్నీ మాట్లాడనివ్వలేదు. ఎనిమిదింటిదాకా వంటింట్లో గిన్నె కూడా చప్పుడు చెయ్యలేదు.

రెండు రాత్రులయ్యాక వాళ్లవాళ్ల ఆచూకీ దొరికింది. కొడుకు వచ్చి తీసుకెళ్లాడు. వెళ్లేటప్పుడు ఆవిడ బొంతని తనే మడిచిపెట్టారు, మేం మడిచినట్టు కాకుండా, నిలువునా.

ఆ తర్వాత సంక్రాంతికి ఆర్టీసీ పార్శిల్లో ఒక సంచి వచ్చింది. పైన పలాస జీడిపప్పు. అడుగున ఉతికి, గంజి లేకుండా, నిలువుగా మడిచిన నూలు చీర. బూడిదరంగు ఒళ్లు, సన్నటి ఎర్రంచు. మనవడి చేత రాయించిన చీటీలో ఒకటే మాట: ‘బొంతలోకి.’

అమ్మ దాన్ని ఇన్నేళ్లూ ఏ బొంతలోనూ వెయ్యలేదు. బీరువాలో ఉంచింది. 2027లో మళ్లీ పుష్కరాలని తెలుసు కాబట్టి, ఈసారి బొంతలు మొదలుపెట్టిన రోజున తనే తీసి నా చేతికిచ్చింది. విప్పి వెలుగుకి పట్టి చూశాను. చాలా కట్టిన చీర. కుచ్చిళ్ల దగ్గర గుడ్డ అటు మనిషి ఇటు కనిపించేంత పలచబడింది. నియమం ప్రకారం అలాంటిది లోపలికే పోవాలి. ఏమీ అడక్కుండా లోపల పొరల్లో వేసి, గట్టి చీర పైన కప్పి, మూడు మధ్యాహ్నాలు టాకాలు వేశాను.

నిన్న సాయంత్రం అమ్మ కుర్చీలోంచి వంగి అంచు ఎత్తి చూసింది.

“ఎర్రంచు చీరేదే?”

“లోపలేశానమ్మా. పలచగా ఉంది కదా.”

“వాళ్లొస్తే ఎలా గుర్తుపడతారు? పైకి వెయ్యి.”

టాకాలన్నీ ఊడదీశాను. ఎర్రంచు చీర పైకి వచ్చింది. పలచటి బట్ట నిలవాలంటే వరసలు వేలెడు కాదు, అర వేలు దూరంలో పడాలంది అమ్మ. అంటే 60 కాదు, 120 వరసలు. ఇంకో నాలుగు రీళ్ల దారం తేవాలి.