బడి దాకా నడిపించే పని

శాంతా సిన్హా హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్ర ఆచార్యులుగా పనిచేశారు. తాత మామిడిపూడి వెంకటరంగయ్య పేరిట 1981లో పరిశోధన కోసం ఏర్పడిన ఎం.వి. ఫౌండేషన్, ఆమె నడపగా 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో పనిపిల్లల్ని బడికి చేర్చసాగింది. బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాలకార్మికుడే అన్నది దాని సూత్రం. పేదరికం పోకుండా ఇదెలా సాధ్యమని అడిగేవారున్నారు. కూలి డబ్బు లోటు నిజమే, తేలిగ్గా తీసేయలేం. కానీ ఆ పేద తల్లిదండ్రులే, దారి చూపితే, పిల్లల్ని పంపారు. ఆ దారి వేయడంలోనే పనితనమంతా ఉంది: ఇల్లిల్లూ తిరగాలి, యజమానిని ఒప్పించాలి, చేర్పించాక కూడా కనిపెట్టుకుని ఉండాలి. పశువులు కాసే పన్నెండేళ్ల పిల్లను ఆరేళ్లవాళ్ల పక్కన కూర్చోబెడితే సిగ్గుపడి మానేస్తుంది. అందుకే ముందు శిబిరంలో చదువు, తర్వాత వయసుకు తగ్గ తరగతి. 2007లో జాతీయ బాలల హక్కుల కమిషన్ తొలి అధ్యక్షురాలైనప్పుడు ఆమె వెంట వెళ్లింది ఈ ఊళ్ల అనుభవమే.