దూరమైతేనే నునుపు

పరాయి దేశంలో కాపరం చేసి వచ్చినవాళ్ళ కబుర్లు ఎప్పుడైనా శ్రద్ధగా విన్నారా? అంతా పంచదార పాకమే! మంచు మల్లెపూలలా కురిసేదంటారు, పక్కింటావిడ బంగారమంటారు. వెళ్ళిన కొత్తలో కుళాయి విప్పి, ఆ చప్పుడు చాటున ఏడ్చిన సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. దూరపు కొండలు నునుపని పెద్దలు ఊరికే అనలేదు. అక్కడున్నన్నాళ్ళూ మన ఊరు నునుపు, ఇక్కడికొచ్చాక ఆ ఊరు నునుపు!

ఈ జబ్బుకి 'కల్చర్ షాక్' అని పేరు. ఆ మాటని నలుగురి నోళ్ళలోకీ తెచ్చినాయన కలెర్వో ఓబెర్గ్ అనే మానవశాస్త్రవేత్త. 1954లో రియో డి జనీరోలో ఆయన దీని గురించి ఉపన్యసించారు. ఎక్కడనుకున్నారు? ఒక మహిళా క్లబ్బులో! 1960లో అది ఒక పత్రికలో అచ్చయింది. అందులో నాలుగు మెట్లు చెప్పారు. మొదట మోజు, తర్వాత మంట, ఆపైన కొంచెం తేరుకోవడం, చివరికి అలవాటు పడిపోవడం. మాటిమాటికీ చేతులు కడుక్కోవడం, తాగే నీళ్ళమీద అనుమానం, శూన్యంలోకి చూపులు, ఒక్క కప్పు మంచి కాఫీ, ఓ ముక్క ఆపిల్ పై కోసం ఇంటికి పరుగెత్తాలనిపించడం, ఇవన్నీ రోగలక్షణాలట. ఆపిల్ పై తీసేసి ఆవకాయన్నం పెట్టుకోండి, అచ్చంగా మన కథే!

ఓబెర్గ్‌గారు దీన్ని జబ్బన్నారు గాని చేతకానితనం అనలేదు. అది నాకెంతో నచ్చింది. జబ్బయితే మందుంటుంది కదా! అక్కడి భాష, అక్కడి మనుషులు తెలియడమే ఆ మందన్నారు. నచ్చనిదీ ఒకటుంది. ఆయన లక్షణాల జాబితాలో నౌకర్లు తగిలితే భయపడడం కూడా చేరింది. నౌకర్లున్న ఇల్లాలి షాకు వేరు, వంటమనిషీ పనిమనిషీ అన్నీ తానే అయిపోయిన మన ఆడపిల్ల షాకు వేరు. ఆ రెండోది తెలియాలంటే ఉపన్యాసం పక్కనపెట్టి నవల పట్టుకోవాలి.

జుంపా లాహిరి 2003లో రాసిన 'ది నేమ్‌సేక్' నేను రెండుసార్లు చదివాను. 2006లో మీరా నాయర్ దాన్ని సినిమాగా తీస్తే, మన హైదరాబాదులో పుట్టిన టబూ అందులో ఆషిమా వేషం వేసింది. నవల 1968లో, అమెరికాలోని కేంబ్రిడ్జిలో మొదలవుతుంది. నెలలు నిండిన ఆషిమా వంటింట్లో నిలబడి రైస్ క్రిస్పీస్‌లో వేరుశనగపప్పు, ఉల్లిపాయముక్కలు కలుపుకుంటూ ఉంటుంది. కలకత్తా వీధుల్లో పొట్లాలు కట్టి అమ్మే మరమరాల రుచి కోసం ఆ తాపత్రయం. ఎంత కలిపినా ఏదో తక్కువే. కలకత్తాలో ఇంగ్లీషు చదువుకుని, పిల్లలకి ట్యూషన్లు చెప్పిన మనిషి, ఆసుపత్రిలో నర్సుతో మాట్లాడుతూ ఒక్క బహువచనం తప్పుతుంది. పురిటినొప్పుల మధ్య కూడా ఆ తప్పు ఆమెకి గుచ్చుకుంటుంది. అభిమానం దెబ్బతినడమంటే ఇదేనండీ!

మరి ప్రేమ ఎప్పుడు మొదలైంది? కలకత్తా వాళ్ళకోసం కొన్న కానుకల సంచులు రైల్లో మర్చిపోతుంది. భర్త ఫోను చేస్తే మర్నాటికల్లా ఒక్క చెంచా కూడా పోకుండా అన్నీ తిరిగొస్తాయి. అప్పుడే మొదటిసారిగా ఆ ఊరు కాస్త తనదనిపిస్తుంది ఆమెకి. ఇది చదివి నేను నవ్వుకున్నాను. అమెరికాలో నేనున్న మూడేళ్ళలో నాకు బొత్తిగా గిట్టని చోటు బట్టలుతుక్కునే దుకాణం. కొత్తవాళ్ళ ముందు మన లంగాలూ జాకెట్లూ అద్దంలోంచి గిరగిరా తిరుగుతూ ఉండడమా! ఇవాళ నాకు గుర్తొచ్చేది నయాగరా కాదు, బయట మంచు పడుతుంటే ఆ మిషన్ల వెచ్చదనంలో కూర్చున్న సాయంత్రాలే.

రచయిత్రితో నాకొక పేచీ ఉంది. కొడుకు గొగోల్ పెద్దవాడయ్యాక కథంతా అతని వెంట పోతుంది. అతని ప్రేమల మీద చూపిన శ్రద్ధలో సగమైనా తల్లి మీద చూపితే బాగుండేది. ఎంతో వయసొచ్చాక లైబ్రరీలో చిన్న ఉద్యోగం చేస్తూ, అక్కడి ఆడవాళ్ళతో ఆషిమా మొదటిసారి అమెరికన్ స్నేహాలు చేసుకుంటుంది. ఆ కబుర్లు వినాలని మనకి ఉండదూ? లాహిరిగారు నాలుగు ముక్కల్లో తేల్చేశారు.

అయినా చివరి అధ్యాయంలో ఆ బాకీ చాలావరకు తీర్చారు. భర్త పోయాడు, ఇల్లు అమ్ముడైంది. ఇకనుంచి ఆరు నెలలు ఇండియాలో, ఆరు నెలలు అమెరికాలో. ముప్ఫైమూడేళ్ళు కలకత్తా కోసం బెంగపడిన మనిషికి, ఇప్పుడు ఆ లైబ్రరీ కోసం, ఆ స్నేహితురాళ్ళ కోసం ఏడుపొస్తుంది. మొదటి అధ్యాయంలోని ఆ వంటింటి బాధ లేకపోతే ఈ కన్నీళ్ళకి విలువేదీ? మనవాళ్ళ తీపి కబుర్లలో కొరవడింది ఇదే. నాలుగో మెట్టు చూపించి రెండోది దాచేస్తారు. అది విని వెళ్ళిన కొత్తపెళ్ళికూతురు, అందరూ సుఖపడ్డచోట తనకే ఏడుపెందుకొస్తోందో తెలియక, లోపం తనలోనే ఉందనుకుంటుంది.

ఇప్పుడు వీడియోలో అమ్మ మొహం కనిపిస్తుంది, నిజమే. ఫోను పెట్టేశాక ఆ ఇల్లు మళ్ళీ నిశ్శబ్దమే కదా! అందుకని, మీ అమ్మాయికి ఆవకాయ పంపేటప్పుడు ఈ పుస్తకం కూడా పంపండి. మొదటి అధ్యాయం చదివి, "అమ్మా, ఇది నేనే" అందా, కంగారుపడకండి. చివరి అధ్యాయం కూడా చదవమనండి.